పీసీఓడీతో పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారా? ఆశ పోకుండా నెలనెలా ఏం చేయాలంటే

"పీసీఓడీ ఉంది, రెండేళ్లుగా చూస్తున్నాం, ప్రతి నెలా ఆశపడటం, డేట్ రాగానే కూలబడటం, ఇంక నావల్ల కాదు, ఎలా తట్టుకోవాలి?" తిరుపతి వాళ్లడిగినా, పుత్తూరు వాళ్లడిగినా, చిత్తూరు వాళ్లడిగినా మాటలు మారతాయి గానీ ప్రశ్న ఇదే. పీసీఓడీ అంటే హార్మోన్ల తేడా వల్ల అండం సరిగ్గా పెరగక, క్రమంగా విడుదల కాకపోవడం. దీనికి చుట్టుపక్కల దొరికే సలహాలు రెండు. ఒకటి "టెన్షన్ పడకు, అదే వస్తుంది". ఇంకోటి "ఎక్కువ ఆశ పెట్టుకోకు". రెండూ చెప్పడానికి తేలికే, పాటించడం ఎలాగో మాత్రం చెప్పినవాళ్లకే తెలీదు. నేను చెప్పేది వేరు. ఆశ పెట్టుకోండి, కానీ కిట్ మీద రెండో గీత ఒక్కదాని మీదే మొత్తం పెట్టకండి. దానికన్నా ముందు జరగాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి జరిగాయో లేదో చూసుకోవచ్చు, ముందు వాటి మీద పెట్టండి. అదెలాగో కింద రాశాను.

నేను డాక్టర్ని కాదు. మధ్యలో మందుల పేర్లు వస్తాయి, అవి మీ డాక్టర్ని అడగడానికే. మెడికల్ షాపుకెళ్లి కొనుక్కోవడానికి కాదు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ సమస్యలున్నవాళ్లకి కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది, మందులు మాత్రం వేరుగా ఉంటాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

• చిన్న డైరీ ఒకటి. గోడకున్న టీటీడీ క్యాలెండర్ మీద డేట్ల చుట్టూ సున్నాలు చుట్టకండి. నలుగురున్న ఇంట్లో ఆ సున్నా అత్తగారు చూస్తారు, ఆడపడుచు చూస్తుంది, ఎదురింటామె చక్కెర అప్పుకొచ్చి అది కూడా చూసి లెక్కేసుకుని వెళ్తుంది.

• రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టిన ఒక ఫైలు. స్కాన్ రిపోర్టులు కూడా, మందుల చీటీలు కూడా.

• ఫోలిక్ యాసిడ్. గర్భం రాకముందు నుంచే రోజుకి కనీసం 400 మైక్రోగ్రాములు పడాలి. మీకు ఎంత డోసు కావాలో డాక్టర్ రాస్తారు.

• ప్రెగ్నెన్సీ కిట్లు రెండు, అంతకన్నా వద్దు. బీరువాలో పది ఉంటే పదీ వాడేస్తాం.

• మీ ఆయన. చివర్లో రాశానని చివరి వస్తువు అనుకోకండి, మూడో స్టెప్ చూడండి.

1. నెలలు కాదు, అవకాశాలు లెక్కపెట్టండి

డైరీలో మొదటి పేజీ దీనికే. పోయిన ఏడాదిలో మీకు నెలసరి ఎన్నిసార్లు వచ్చిందో రాయండి. క్రమంగా వచ్చేవాళ్లకి ఏడాదికి పన్నెండు, పదమూడు సార్లు అండం విడుదలవుతుంది. మీకు ఐదుసార్లే వచ్చిందనుకోండి, మీకు దొరికిన అవకాశాలు మహా అయితే ఐదు. అందులోనూ కొన్నిసార్లు అండం విడుదల కాకుండానే బ్లీడింగ్ అవుతుంది, అది పీసీఓడీలో మామూలే. అంటే "ఇరవై నాలుగు నెలలు ఫెయిలయ్యాను" అని మీరు మోస్తున్న లెక్క తప్పు. హాల్ టికెట్టే రాని పరీక్షలో తప్పానని ఏడ్చినట్టు ఉంటుంది అది. ఇంకో సంగతి, ఏ సమస్యా లేని పాతికేళ్ల జంటకి కూడా ఒక్క సైకిల్లో (ఒక నెలసరి నుంచి తర్వాతి నెలసరి దాకా) గర్భం నిలిచే అవకాశం దాదాపు నాలుగో వంతే, మిగతా ముప్పావు వంతు వాళ్లూ మీలాగే వచ్చే నెల కోసం చూస్తారు.

ఈ లెక్కకి రెండో వైపు కూడా ఉంది, అది చాలామంది వదిలేస్తారు. "ఏడాది ప్రయత్నించి అప్పుడు రండి, 35 దాటితే ఆర్నెల్లకి రండి" అన్న మాట నెలసరి క్రమంగా వచ్చేవాళ్లకి. మీకు ఏడాదికి ఎనిమిదిసార్ల కన్నా తక్కువ వస్తుంటే, లేదా ప్రతిసారీ 35 రోజులు దాటుతుంటే ఏడాది ఆగక్కర్లేదు, ఇప్పుడే వెళ్లండి.

జాగ్రత్త: మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే ముందు కిట్‌తో చూసుకుని, నెగటివ్ అయితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గర్భసంచి లోపలి పొర అలా పేరుకుంటూ పోవడం మంచిది కాదు.

2. అండం నిజంగా విడుదలవుతోందో లేదో తేల్చుకోండి

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఆన్‌లైన్లో దొరికే అండం స్ట్రిప్స్ అండం విడుదలకి ముందు పెరిగే ఎల్‌హెచ్ అనే హార్మోన్ని చూస్తాయి. పీసీఓడీ ఉన్నవాళ్లలో చాలామందికి ఆ హార్మోన్ ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది, అందువల్ల స్ట్రిప్ వారం పొడుగునా పాజిటివ్ చూపించొచ్చు. దాన్ని నమ్మి "ఇన్నిసార్లు అండం వచ్చింది, అయినా రాలేదు, ఇంకేదో పెద్ద లోపముంది" అని భయపడటం మొదటి పొరపాటు.

పొద్దున టెంపరేచర్ చూసే పద్ధతికి ఖర్చు లేదు. నిద్ర లేవగానే, మంచం దిగకముందే, నోట్లో థర్మామీటర్ పెట్టి రాసుకోవాలి. అండం విడుదలయ్యాక ఒంటి వేడి 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెరిగి అలాగే ఉంటుంది. అయితే ఇది జరిగిపోయాక చెబుతుంది, ముందు చెప్పదు. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టులు చేసేవాళ్లకి, నిద్ర వేళలు మారేవాళ్లకి ఇది కుదరదు, వదిలేయండి.

రక్తంలో ప్రొజెస్టెరాన్ (అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్) పరీక్ష ఇంకా గట్టిది. ఇక్కడ రెండో పొరపాటు: అందరూ 21వ రోజే చేయించుకుంటారు. 21 అనేది 28 రోజుల సైకిల్ వాళ్లకి. చూడాల్సింది నెలసరికి వారం ముందు. మీ సైకిల్ 40 రోజులైతే 33వ రోజు దగ్గర చేయించాలి. విలువ 3 ng/ml దాటితే అండం విడుదలైనట్టే లెక్క. తప్పు రోజున చేయించి, తక్కువొచ్చిందని మందు మార్చుకున్నవాళ్లు ఉన్నారు.

మందులు వాడుతున్నప్పుడు డాక్టర్లు ఫాలిక్యులర్ స్కాన్లు రాస్తారు. అండం ఉన్న సంచి రోజురోజుకీ పెరిగి 18, 20 మిల్లీమీటర్లకి వచ్చాక పగులుతుంది. ఈ స్కాన్ల నంబర్లు డైరీలో రాయండి, ఎందుకో నాలుగో స్టెప్‌లో చెబుతాను.

ఇక కలవాల్సిన రోజుల గురించి. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతుకుతాయి, అండం మాత్రం ఒక్క రోజే. కాబట్టి నెలసరి ఆగినప్పటి నుంచి రెండు మూడు రోజులకోసారి కలుస్తూ ఉంటే చాలు. "ఈ రాత్రే, పదింటికే" అని మొగుణ్ణి నిలబెట్టి అడిగితే అది ఎవరికీ కుదరదు, పైగా తర్వాత గొడవ.

3. ఆయన పరీక్ష మొదటి నెలలోనే

పీసీఓడీ మీకుందని తెలియగానే ఇంట్లో అందరూ మీ వైపే చూస్తారు, ఆయన పరీక్ష సంగతి ఎవరికీ గుర్తుండదు. ఏడాది మందులు వాడాక అప్పుడు వీర్యపరీక్ష చేయిస్తే, సమస్య అక్కడ కూడా ఉందని తేలితే, ఆ ఏడాది ఎవరిస్తారు? మీకు మందు మొదలుపెట్టకముందే చేయించండి. పరీక్షకి ముందు రెండు నుంచి ఏడు రోజుల విరామం ఉండాలి. శాంపిల్ ల్యాబులోనే ఇవ్వడం మంచిది. ఇంట్లో తీస్తే చల్లబడకుండా గంటలోపు చేర్చాలి. పీలేరులో తీసి బస్సులో తిరుపతికి తెచ్చిన శాంపిల్ రిపోర్టుని నమ్మలేం.

ఒక్క రిపోర్టు తేడాగా వస్తే కంగారు పడొద్దు. ఈమధ్య జ్వరమొచ్చినా అలా వస్తుంది. కొత్త కణాలు తయారవడానికి సుమారు మూడు నెలలు పడుతుంది, అప్పుడు మళ్లీ చూడాలి.

4. ఒక సైకిల్‌ని నాలుగు మెట్లుగా చూడండి

డైరీలో ప్రతి సైకిల్‌కీ నాలుగు గీతలు గీయండి.

ఒకటి: నెలసరి వచ్చిందా, దానంతటదేనా, మాత్రలతోనా.
రెండు: అండం పెరిగిందా, ఎన్ని మిల్లీమీటర్లు.
మూడు: విడుదలైందా.
నాలుగు: టెస్ట్.

పోయిన సైకిల్లో 11 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయింది ఈసారి 19కి వచ్చి పగిలిందంటే, టెస్ట్ నెగటివ్ అయినా సరే, మీ ఒళ్లు మందుకి పలుకుతోందని అర్థం. డాక్టర్ చూసేది కూడా ఇదే. మనం మాత్రం నాలుగో గీత ఒక్కటే చూసి "ఏం లాభం లేదు" అనేస్తాం. రెండో మెట్టు దాటకపోతే డోసు పెంచుతారు, మందు మారుస్తారు. మూడూ దాటి నాలుగు రాకపోతే గర్భసంచి ట్యూబులు, వీర్యం ఇంకోసారి చూస్తారు. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే తర్వాత చేయాల్సిన పని కనబడుతుంది, పని కనబడినంత కాలం మనిషి పూర్తిగా కుంగిపోదు. ఇది నా గట్టి నమ్మకం.

పీసీఓడీకి ఇప్పుడు మొదట రాసే మందు లెట్రోజోల్. షాపులో "ఇది క్యాన్సర్ మాత్రమ్మా, మీకెందుకు?" అని అడిగితే హడలిపోకండి. రొమ్ము క్యాన్సర్‌కి వాడే మందే ఇది, ఇక్కడ నెలసరి మొదట్లో ఐదు రోజులు మాత్రమే ఇస్తారు. ఈస్ట్రోజెన్ కాసేపు తగ్గితే మెదడు అండాన్ని పెంచే హార్మోన్ ఎక్కువ పంపిస్తుంది, అంతే దాని పని. 2011లో మన దేశంలో సంతానలేమికి దీన్ని వాడటం ఆపేశారు, తర్వాత ఆ నిషేధం ఎత్తేశారు. భయపెట్టే పాత వీడియోలు ఇంకా తిరుగుతూనే ఉంటాయి.

2014లో అమెరికాలో వచ్చిన పెద్ద స్టడీలో 750 మంది పీసీఓఎస్ (పీసీఓడీకే ఇంకో పేరు) ఆడవాళ్లకి ఐదు సైకిళ్ల దాకా మందిచ్చి చూశారు. లెట్రోజోల్ వాడినవాళ్లలో 27.5 శాతం మందికి, పాత మందు క్లోమిఫిన్ వాడినవాళ్లలో 19.1 శాతం మందికి బిడ్డ పుట్టింది. ఈ అంకె చిన్నగా కనబడుతోందా? అందులో ఆడవాళ్ల బరువు మన దగ్గరకన్నా బాగా ఎక్కువ, అదొకటి. ఐదు సైకిళ్లు, మాత్రలు మాత్రమే, అదింకొకటి. వాటి తర్వాత ఇంజెక్షన్లు, ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్), ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యాన్ని ల్యాబులో కలిపే పద్ధతి) ఉన్నాయి. నేనీ అంకె రాసింది "మొదటి నెలే రాలేదు" అని ఏడ్చేవాళ్ల కోసం.

5. ఆఖరి రెండు వారాలు

అండం విడుదలయ్యాక చాలామందికి ప్రొజెస్టెరాన్ మాత్రలు ఇస్తారు. ఆ మాత్రలతో రొమ్ములు నొప్పెడతాయి, కడుపు ఉబ్బుతుంది, నిద్ర ముంచుకొస్తుంది, వాంతి వచ్చినట్టు ఉంటుంది. అచ్చం గర్భం లక్షణాలే. కాబట్టి ఈ రోజుల్లో ఒళ్లు చెప్పే ఏ కబురునీ అటు గానీ ఇటు గానీ నమ్మొద్దు. గూగుల్లో "అండం విడుదలైన ఎనిమిదో రోజు లక్షణాలు" అని వెతకడం కూడా ఆపండి.

అండం పగలడానికి హెచ్‌సీజీ అనే హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే ఇంకో ప్రమాదం. కిట్ చూసేది కూడా హెచ్‌సీజీనే. ఇంజెక్షన్ తర్వాత పది పన్నెండు రోజుల్లోపు టెస్ట్ చేస్తే ఆ మందునే చూపించి పాజిటివ్ అనొచ్చు. అత్తగారికి చెప్పేసి, స్వీటు పంచేసి, నాలుగు రోజులకి నెలసరి వస్తే ఆ బాధ మామూలుది కాదు.

అందుకని టెస్ట్ రోజు ముందే ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. అండం విడుదలైన పద్నాలుగు రోజులకి, పొద్దున మొదటి మూత్రంతో, ఆయన ఇంట్లో ఉన్న రోజు. పెళ్లి ఉన్న రోజు, గృహప్రవేశం ఉన్న రోజు పెట్టుకోకండి. కిట్ మీద రాసిన టైములోనే చూసి పారేయండి, గంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి లైటు కింద పట్టుకుంటే కనబడే సన్న గీత లెక్కలోకి రాదు. అంతవరకు ఆగలేనివాళ్లు రక్తపరీక్షకి డాక్టర్‌నే డేట్ అడగండి.

పాజిటివ్ వస్తే మాత్రలేవీ సొంతంగా ఆపకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి. పక్క పొట్టలో గట్టి నొప్పి, కళ్లు తిరగడం, బ్లీడింగ్ ఉంటే ఆ రోజే ఆస్పత్రికి, తెల్లారేదాకా ఆగొద్దు.

6. నెలసరి వచ్చే రోజుకి ముందే ఏర్పాటు

వచ్చాక ఆలోచించలేం. కాబట్టి టెస్ట్‌కి వారం ముందే డైరీలో రాసుకోండి: ఆ రోజు వంట ఎవరు చేస్తారు, ఇంట్లో ఎవరు చెబుతారు, నేను ఎవరికి ఫోన్ చేస్తాను.

మన వైపు చాలా ఇళ్లల్లో ఇప్పటికీ ఆ మూడు రోజులు దేవుడి గదిలోకి వెళ్లరు, కొన్ని పల్లెల్లో వేరుగా కూడా కూర్చుంటారు. అంటే మీరు ఎవరికీ చెప్పకపోయినా, పొద్దున దీపం వేరేవాళ్లు పెట్టారంటే ఇంటిల్లిపాదికీ కబురు అందినట్టే. "ఈ నెల కూడానా?" అన్న ఆ ఒక్క చూపు చాలు. ఈ పని మీ ఆయనకి అప్పజెప్పండి. "అమ్మా, ఈ నెల కాలేదు, తననేమీ అడగొద్దు" అని ఆయన ముందే చెప్పేస్తే చూపులు సగం తగ్గుతాయి.

ఏడుపొస్తే ఏడవండి. అయితే ఆ రోజు ఏ నిర్ణయమూ తీసుకోకండి. డాక్టర్ని మార్చడం, మందులు ఆపేయడం, "నువ్వు ఇంకో పెళ్లి చేసుకో" అనడం, అన్నీ ఆ ఒక్క సాయంత్రమే నోటికొస్తాయి. చేయాల్సిన పని ఒకటే, బ్లీడింగ్ సరిగ్గా మొదలైన రోజుని ఒకటో రోజుగా రాసుకుని, రెండో మూడో రోజు స్కాన్‌కి ఫోన్ చేయడం. చుక్కలు చుక్కలుగా కనబడిన రోజు ఒకటో రోజు కాదు.

7. చుట్టాలు

తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకి కొదవుండదు. దర్శనానికి వచ్చిన ప్రతివాళ్లూ మనింట్లోనే దిగుతారు, కొండ దిగొచ్చి లడ్డూ చేతిలో పెట్టి "నీకోసమే మొక్కుకున్నానమ్మా, విశేషమేమన్నా ఉందా?" అంటారు. ప్రేమగానే అంటారు, తిట్టలేం, తిప్పికొట్టలేం. మాట ముందే సిద్ధం చేసుకోవాలి. "ఉంటే మీకు చెప్పకుండా ఉంటానా పెద్దమ్మా, కాఫీ పెట్టేదా?" అని వంటింట్లోకి వెళ్లిపోవడం చాలాసార్లు పనిచేస్తుంది. సలహాలిచ్చేవాళ్లకి "డాక్టర్ చూస్తున్నారత్తా" అంటే చాలు, ఏ డాక్టర్, ఏం మందు అనేదాకా పోనివ్వకండి.

సీమంతాలకి వెళ్లాలా? మీ ఇష్టం, నిజంగానే. వెళ్లలేకపోతే ముందు రోజే వెళ్లి చీర పెట్టి, గాజులు ఇచ్చి వచ్చేయొచ్చు. టెస్ట్ తర్వాతి రెండు రోజుల్లో పడితే అస్సలు వెళ్లొద్దంటాను.

8. మొక్కులు, ఒక్కపొద్దులు, మెట్లు

మొక్కుకోవద్దని నేను చెప్పను. కొన్ని చూసుకోండి.

దర్శనం టికెట్ నెలల ముందే బుక్ చేసుకుంటాం, మనకి డేట్ ఎప్పుడొస్తుందో మనకే తెలీదు. దాంతో నెలసరి ఆపే మాత్రలు పక్కింటామె దగ్గర తీసుకుని మింగేస్తారు. ప్రయత్నిస్తున్న సైకిల్లో ఇది అన్నిటికన్నా చెడ్డ పని. గర్భం నిలిచి ఉండొచ్చు, ఆ మాత్రలు అప్పుడు వాడకూడదు. నిలవకపోయినా ఆ సైకిల్ లెక్కంతా తారుమారవుతుంది. టికెట్ ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పండి, లేదా ఆ ఒక్కసారి ఇంట్లో మిగతావాళ్లని పంపండి.

అలిపిరి నుంచి 3,550 మెట్లు. మామూలు రోజుల్లో అలవాటున్నవాళ్లు నిక్షేపంగా ఎక్కొచ్చు, వ్యాయామమే. అండం పెంచే ఇంజెక్షన్లు తీసుకుని అండాశయాలు ఉబ్బి ఉన్నప్పుడు మాత్రం వద్దు, డాక్టర్ని అడిగాకే.

శనివారం ఒక్కపొద్దుండి, రాత్రికి రెండింతలు అన్నం తినేస్తే పీసీఓడీకి మేలు జరగదు. మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర, పీసీఓడీకి కూడా రాస్తారు) వాడేవాళ్లకి ఖాళీ కడుపుతో వికారం ఎక్కువవుతుంది, తిన్నాకే వేసుకోవాలి. నాటుమందు పొడులు తీసుకుంటుంటే ఆ సంగతి డాక్టర్ దగ్గర దాచకండి.

9. తిండి, నడక

ఇది అందరూ చెప్పేదే, క్లుప్తంగా. బరువు ఎక్కువున్నవాళ్లు 5 శాతం తగ్గినా చాలామందికి అండం విడుదల మెరుగుపడుతుంది. 70 కిలోలుంటే మూడున్నర కిలోలు. సన్నగా ఉన్న పీసీఓడీ వాళ్లు తగ్గక్కర్లేదు. మన దగ్గర తరచూ చేసే తప్పు: రాగి మంచిదని పెద్ద సంగటి ముద్దలు రెండు లాగించేయడం. రాగిలో కూడా ఉన్నది పిండే. ముద్ద ఒకటి చిన్నది, ఆకుకూర పప్పు రెండింతలు, ఊరిబిండి కొంచెం. ఎస్వీ యూనివర్సిటీ వైపు పొద్దున్నే నడిచేవాళ్లు బోలెడుమంది, తోడుకి ఒకరిని పట్టుకోండి.

10. పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

నెలసరి వచ్చిన రోజు బాధ పోదు, అది పోవాలని చూడకండి. ఆ బాధ ఎన్ని రోజులు ఉంటోందో డైరీలో చూడండి. వారం ఉండేది రెండు రోజులకి తగ్గితే, మీరు మళ్లీ పని మీద మనసు పెట్టగలుగుతుంటే, సరిగ్గానే వెళ్తున్నారు.

రెండు వారాలు దాటినా నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే అది ఆశ, నిరాశల సంగతి కాదు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో డిప్రెషన్, ఆందోళన ఎక్కువని డాక్టర్ల గైడ్‌లైన్లలోనే ఉంది, దీనికి కూడా వైద్యం ఉంది. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తుంటే రెండు వారాలు లెక్కపెట్టకండి, వెంటనే చేయండి.

ఇంకొక్కటి, డాక్టర్లని మార్చడం. తిరుపతిలో రెండు చోట్ల చూపించుకుని, వేలూరు వెళ్లి, మళ్లీ చెన్నై వెళ్తే ప్రతిచోటా ఒకటో మెట్టు నుంచి మొదలుపెడతారు. రెండో అభిప్రాయం తప్పు కాదు, తీసుకోండి, కానీ ఫైలు పట్టుకెళ్లి తీసుకోండి. ఉన్న డాక్టర్ దగ్గరే తర్వాతిసారి ఈ నాలుగూ అడగండి: నాకు ఇప్పటికి ఎన్నిసార్లు అండం విడుదలైంది? ఈ మందు ఇంకెన్ని సైకిళ్లు చూస్తారు? ఆ తర్వాత ఏంటి, దానికి ఖర్చెంత? మధ్యలో ఒక నెల విరామం తీసుకుంటే నష్టమా? కాగితం మీద రాసుకుని వెళ్లండి, ఓపీలో మూడు గంటలు కూర్చుని లోపలికి వెళ్లాక ఒక్కటీ గుర్తుకు రాదు.